అన్నం మానేసిన కొడుకు, గిన్నెలో మిగిలిన పది పచ్చసొనలు

తెనాలి దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు, పేరు వద్దన్నారు. ఆమెకి 49 ఏళ్లు, ఎప్పుడో బీజెడ్‌సీ డిగ్రీ చేశారు. భర్తకి 54, ఎరువుల కొట్టు. కొడుక్కి 22, బరువు 78 కిలోలు, ఇంజినీరింగ్ అయిపోయింది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా నాలుగు నెలలు టైముందని ఇంటికొచ్చి జిమ్‌లో చేరాడు. చేరిన వారానికే అన్నం మానేశాడు. తర్వాత నూనె, నెయ్యి, పప్పు, పెరుగు కూడా. ఇప్పుడు రోజూ పది గుడ్ల తెల్లసొన, అందులో నాలుగు పచ్చివే షేకర్‌లో కొట్టుకుని తాగుతాడు. ఉడకబెట్టిన చికెన్ 400 గ్రాములు, ప్రోటీన్ పౌడర్ రెండు స్కూపులు, కీరా ముక్కలు, అంతే. మొదటి పదిహేను రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాడు, ఆ తర్వాత రెండు వారాలుగా ముల్లు కదల్లేదు. నోటి నుంచి అదో రకం వాసన, మలబద్ధకం, మధ్యాహ్నానికి నీరసం, పలకరిస్తే చిరాకు. ఆమె పోరగా పోరగా రక్తపరీక్ష చేయించాడు: యూరియా 52, క్రియాటినిన్ 1.2, ఎస్‌జీఓటీ 68, ఎస్‌జీపీటీ 55, మూత్రంలో కీటోన్లు ఒక ప్లస్.

భర్తకి పదకొండేళ్లుగా షుగర్, క్రియాటినిన్ 1.8. కొడుకు చెప్పాడని ఆయన కూడా పన్నెండు రోజులుగా రాత్రిపూట అన్నం మానేసి, పొద్దున టిఫిన్ బదులు ఒక స్కూపు తాగుతున్నారు. మొన్న పదకొండింటికి కొట్లో ఒళ్లంతా చెమటలు పట్టి కూలబడితే పక్క టీకొట్టు అబ్బాయి చక్కెర నీళ్లు పట్టాడట. అత్తగారేమో అన్నం ఉడకని ఇంట్లో లక్ష్మి నిలవదని రోజూ సాధింపు. వీళ్లందరి మధ్యా రోజూ స్టీలు గిన్నెలో మిగిలిపోయే పది పచ్చసొనల్ని ఏం చేయాలో తెలియక, పారేయడానికి చేతులు రాక, వీధి కుక్కకి పెడుతున్నానని రాశారు. ఒక తప్పు కూడా ఒప్పుకున్నారు: భయమేసి ఒకరోజు పౌడర్ డబ్బాలో సగం తీసేసి పాలపొడి కలిపేశారట.

“వాణ్ణి గట్టిగా ఆపనా, వదిలేయనా? అసలు అన్నం మానేసి ప్రోటీన్ తింటే లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పండి. డిగ్రీలో చదివిన క్రెబ్స్ చక్రం గుండ్రంగా ఉంటుందని తప్ప నాకేం గుర్తులేదు. తెలిసి మాట్లాడితే వింటాడేమో, లేకపోతే నీకేం తెలుసమ్మా అంటాడు.” ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీరు అడిగింది కొడుకు గురించి. కానీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లు మూడో పేజీలోనే ఆగిపోయాయి, మీ ఆయన గురించి నాలుగు లైన్లు రాసి వదిలేసిన చోట. కాబట్టి ముందు ఆయన సంగతి. కొడుకు విషయం పది రోజులు ఆగినా మించిపోయేదేం లేదు, ఆయనది రేపు దాటకూడదు.

మీరు రాసిన మూడు మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఒకటి. అది క్లోమగ్రంథిని తట్టి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తుంది, మనిషి ఆ పూట అన్నం తిన్నాడా లేదా అన్నది దానికి పట్టదు. మాత్ర మోతాదు ఆయన ఎప్పుడూ తినే ఇడ్లీకీ అన్నానికీ సరిపడా డాక్టర్ గారు కట్టింది. తిండి మార్చి మాత్ర మార్చకపోతే షుగర్ దబ్బున పడిపోతుంది. కొట్లో పట్టిన చెమటలు అవే అయ్యుంటాయని నా అనుమానం, చక్కెర నీళ్లకి తేరుకోవడం చూస్తే అనుమానం ఇంకా బలపడుతోంది. రెండోది డాపాగ్లిఫ్లోజిన్. అది షుగర్‌ని మూత్రంలోకి వదిలేస్తుంది. ఈ మాత్ర వేసుకుంటూ అన్నం బాగా తగ్గించేస్తే ఒంట్లో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకునే ప్రమాదం ఉంది. ఇందులో మోసమేమిటంటే అలాంటప్పుడు మిషన్‌లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కనిపించదు, అంతా బాగానే ఉందనుకుంటాం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతుగా ఊపిరి తీయడం, వీటిలో ఏది కనిపించినా షుగర్ ఎంతుందని చూసుకుంటూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఈ మాత్ర వాడుతున్నారని అక్కడ చెప్పండి.

ఇక ఆ స్కూపు. క్రియాటినిన్ 1.8 ఉందంటే కిడ్నీల పని మందగించినట్టు, అలాంటి మనిషికి ప్రోటీన్ లెక్క వేరు. సాధారణంగా కిలో బరువుకి 0.8 గ్రాములు దాటొద్దంటారు, అంటే డెబ్బై కిలోల మనిషికి 56 గ్రాములు, అది పప్పు, పెరుగు, ఒక గుడ్డుతోనే దాదాపు వచ్చేస్తుంది. పన్నెండు రోజుల పౌడర్‌తో కిడ్నీలు పాడైపోలేదు, భయపడకండి. ఈ రాత్రి నుంచి ఆయన మామూలుగా తినే అన్నం తినమనండి, పౌడర్ ఆపించండి, మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు. రేపు మాత్రల షీట్లన్నీ పట్టుకుని ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్లండి, చెమటలు పట్టిన సంగతి దాచకుండా చెప్పండి. నిజంగా అన్నం తగ్గించాలని ఆయనకి ఉంటే అది మంచి కోరికే, కానీ మాత్రలు మార్చి తగ్గించాలి, ఆ పని జిమ్ కోచ్‌ది కాదు, కొడుకుదీ కాదు.

ఇప్పుడు మీ బీజెడ్‌సీ పాఠం. ముప్పై ఏళ్లు మెడికల్ కాలేజీలో ఇదే పాఠం చెప్పినదాన్ని, ఆ గుండ్రటి బొమ్మ బోర్డు మీద వేయగానే పిల్లల ముఖాలు ఎలా మాడిపోయేవో నాకు తెలుసు, కాబట్టి బొమ్మ లేకుండా చెప్తాను.

మనం తినేది అన్నమైనా నెయ్యైనా కోడి మాంసమైనా, శక్తి కావాలంటే చివరికి చేరాల్సిన పొయ్యి ఒకటే. కణంలో మైటోకాండ్రియా. అక్కడ మండితే మనకి చేతికొచ్చే చిల్లర పేరు ఏటీపీ. నోట్లు ఎన్ని ఉన్నా బస్సులో చిల్లరే కావాలి చూడండి, కండ కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఏటీపీయే కావాలి. కండలో ఈ ఏటీపీని 1929లో కనుక్కున్నవాళ్లలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయన విడిగా కనుక్కున్నాడు. దానికి రెండేళ్ల ముందు సుబ్బారావు, ఫిస్కే కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ని బయటపెట్టారు. జిమ్ కుర్రాళ్లు కొనే క్రియాటిన్ డబ్బా, మీ రిపోర్టులో ఉన్న క్రియాటినిన్ రెండూ ఆ ఇంటి చుట్టాలే. ఈ ముక్క మీ వాడికి చెప్పండి, మన కోస్తా ఆయన అంటే కొంచెం చెవి పెడతాడేమో.

అన్నం పేగుల్లో అరిగి గ్లూకోజ్ అవుతుంది. గ్లూకోజ్ విరిగి విరిగి రెండు కార్బన్ల ముక్కలై పొయ్యిలోకి వెళ్తుంది. నెయ్యి, నూనె కూడా రెండేసి కార్బన్ల ముక్కలుగానే తెగి అదే గుమ్మంలోంచి లోపలికి వెళ్తాయి. రెండూ మండాక మిగిలేది బొగ్గుపులుసు గాలి, నీళ్లు. ఊపిరిలో ఒకటి పోతుంది, మూత్రంలో చెమటలో ఇంకొకటి. శుభ్రమైన వంటచెరకు, బూడిద లేదు.

ప్రోటీన్ అలా కాదు. అది అరిగితే వచ్చేవి అమైనో ఆమ్లాలు, ఇరవై రకాలు. ఒక్కోదానికి నైట్రోజన్ తోక ఒకటి ఉంటుంది. ఆ తోకతో పొయ్యిలోకి వెళ్లడానికి లేదు, ముందు తోక కోయాలి. కోశాక మిగిలిన మొండెం రకాన్నిబట్టి కొన్ని గ్లూకోజ్ అవుతాయి, కొన్ని కీటోన్ల దారి పడతాయి, కొన్ని రెండు దారుల్లోనూ వెళ్తాయి, కొన్ని నేరుగా క్రెబ్స్ చక్రంలో, అంటే ఆ పొయ్యిలో తిరిగే చక్రంలో, మధ్యలో ఎక్కేస్తాయి, నడుస్తున్న బస్సు ఎక్కినట్టు. ఇక ఆ తోకలు కోసే ఎంజైములు ఎవరనుకున్నారు? మీ రిపోర్టులో ఎర్రగా అచ్చయిన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ. మీరు వాటిని చూసి లివర్ పోయిందేమోనని ఏడ్చినట్టు రాశారు. అవి లివర్‌లో ఉంటాయి నిజమే, కానీ కండల్లో కూడా ఉంటాయి, ముఖ్యంగా ఎస్‌జీఓటీ. ఒంటికి అలవాటు లేని బరువులు ఎత్తితే కండల్లోంచి రక్తంలోకి కారి కొన్ని రోజులపాటు ఎక్కువగానే కనిపిస్తాయి. పరీక్షకి ముందురోజు కూడా వాడు కాళ్ల వ్యాయామం చేశాడని మీరే రాశారు. ఆ అంకెలు ఎక్కువ భాగం అక్కడివే అయ్యుండొచ్చు. అయినా తేలిగ్గా వదిలేయొద్దు, వారం రోజులు జిమ్ మానిపించి మళ్లీ చేయించండి, అప్పటికీ దిగకపోతే డాక్టర్‌కి చూపించాలి.

కోసిన తోకలు అమ్మోనియా అవుతాయి. అమ్మోనియా మెదడుకి విషం. అందుకని లివర్ దాన్ని వెంటనే పట్టుకుని విషం కాని యూరియాగా మార్చి కిడ్నీలకి అప్పజెప్తుంది. ఈ యూరియా చక్రాన్ని 1932లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ అనే ఇద్దరు జర్మనీలో కనుక్కున్నారు. మీకు గుర్తున్న గుండ్రటి క్రెబ్స్ చక్రం తర్వాతది, 1937లో, హిట్లర్ వచ్చాక దేశం వదిలి ఇంగ్లండ్ చేరాక. అంటే క్రెబ్స్ గారి మొదటి చక్రం చెత్త ఎత్తిపోసే చక్రం, పొయ్యి రెండోది.

ఈ యూరియా, మీ ఆయన కొట్లో బస్తాల్లో అమ్మే యూరియా ఒక్కటే, అణువుకి అణువు తేడా లేదు. మీ వాడు తినే ప్రోటీన్ లెక్కేశాను. తెల్లసొనలు 36 గ్రాములు, చికెన్ పచ్చిగా తూచాడనుకుంటే 90, స్కూపులు 48, మొత్తం 175 దాకా వస్తుంది. ప్రోటీన్‌లో నైట్రోజన్ 16 శాతం, అంటే 28 గ్రాములు. అదంతా కాలిపోతే రోజుకి 60 గ్రాముల యూరియా. కొట్లో ఒకసారి గుప్పెడు తీసి తూచి చూడండి, అటూఇటుగా అంతే ఉంటుంది. రోజుకి ఆ గుప్పెడు వాడి కిడ్నీలు వడగట్టి నీళ్లతో బయటికి తోస్తున్నాయి, ఇలాగే సాగితే రెండేళ్లకి 45 కిలోల బస్తా నిండుతుంది. రక్తంలో యూరియా 52 ఉండటానికి అర్థం ఇదే: కిడ్నీలు చెడ్డాయని కాదు, మోయాల్సిన సరుకు పెరిగిందని. దానికి తోడు నీళ్లు సరిగ్గా తాగడేమో కూడా. క్రియాటినిన్ 1.2 అన్నది కండ ఉన్న కుర్రాడికి కంగారు పడాల్సిన అంకె కాదు, కండలోని క్రియాటిన్‌లో రోజుకి ఒకటి రెండు శాతం విరిగి క్రియాటినిన్ అవుతుంది, కండ ఎక్కువుంటే అదీ కొంచెం ఎక్కువే. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీల్ని ప్రోటీన్ పాడుచేస్తుందని తేలలేదు, ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. కానీ తండ్రికి షుగరూ కిడ్నీ సమస్యా ఉన్న ఇంటి పిల్లాడు కాబట్టి ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించడం మంచిది.

మరి అసలు గొడవ ఎక్కడుంది? అది చెప్పాలంటే నిల్వల సంగతి చెప్పాలి. ఒంట్లో అన్నానికి ఒక డబ్బా ఉంది, గ్లైకోజెన్ అంటారు, లివర్‌లో వంద గ్రాములు, కండల్లో నాలుగొందల దాకా. వంటింట్లో బియ్యం డబ్బా లాగా, ఒకటి రెండు రోజులకి ఖాళీ అయిపోతుంది. కొవ్వుకి పెద్ద గాదె ఉంది, సన్నటి మనిషికి కూడా నెలకి సరిపోయేంత. ప్రోటీన్‌కి మాత్రం డబ్బా లేదు, గాదె లేదు. ఒంట్లో ఉన్న ప్రోటీన్ ప్రతి గ్రామూ ఏదో ఒక పనిలోనే ఉంటుంది: కండ, చర్మం, రక్తం, ఎంజైములు. ఇంటి దూలాలు, వాసాలు, తలుపులు అనుకోండి. రోజుకి 250 గ్రాముల పైచిలుకు ప్రోటీన్‌ని ఒళ్లు తనే విప్పి తనే మళ్లీ కడుతుంటుంది, ఆ మరమ్మతుకి తప్ప మిగిలింది దాచుకునే చోటు లేక తగలబెట్టేస్తుంది. బరువులెత్తే కుర్రాడికి కిలోకి 1.6 గ్రాములు, అంటే మీ వాడికి 125 దాటాక ఇంకా తిన్నా కండకి ఒరిగేది పెద్దగా ఉండదు.

అందులోనూ మీ వాడు చేసింది చూడండి. అన్నం మానేశాడు, సరే, కీటో అంటారు, ప్రపంచమంతా చేస్తోంది. కానీ కీటోలో అన్నం బదులు కొవ్వు తింటారు, కొవ్వే అక్కడ వంటచెరకు. వీడు నూనె, నెయ్యి, పచ్చసొన కూడా మానేశాడు. రెండు వంటచెరకులూ బయట పారేసి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఇక మిగిలింది ఒంటి కొవ్వు, తిన్న ప్రోటీన్. మెదడుకి రోజుకి 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి, ఎర్ర రక్తకణాలకైతే గ్లూకోజ్ తప్ప ఇంకోటి చేతకాదు. కొవ్వు నుంచి గ్లూకోజ్ చేయడం మన ఒంటికి దాదాపు రాదు, గ్లిసరాల్ అనే చిన్న ముక్క తప్ప. అందుకని లివర్ ప్రోటీన్ మీద పడుతుంది. వంద గ్రాముల ప్రోటీన్ నుంచి మహా అయితే యాభై అరవై గ్రాముల గ్లూకోజ్. అంటే ఇల్లు కట్టుకుందామని డబ్బు పోసి తెప్పించిన టేకు దూలాల్ని మీ వాడు చీల్చి పొయ్యిలో పెడుతున్నాడు. పక్కనే బియ్యం ఉంది, పది రూపాయల పని, అది చేయాల్సిన పనికి వేల రూపాయల డబ్బా ఖర్చవుతోంది. కండ పెరగాలనే కదా వాడి తాపత్రయం? ఆ కండకి పోవాల్సిందే కాలిపోతోంది. నా మాటగా వాడికి ఒక్కటి చెప్పాలంటే ఇదే చెప్పండి, మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు.

నోటి వాసన కూడా ఇక్కడిదే. కొవ్వు ఎక్కువ కరిగేటప్పుడు లివర్ కీటోన్లు తయారుచేసి మెదడుకి పంపుతుంది, అందులో అసిటోన్ ఊపిరిలో బయటికొస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన, లేకపోతే పండు మాగిన వాసన లాగా ఉంటుంది. షుగర్ లేని కుర్రాడికి ఒక ప్లస్ కీటోన్లు ప్రమాదం కాదు. తండ్రికీ కొడుక్కీ తేడా అక్కడే ఉంది, ఒకే డైట్, ఒకరికి నోటి వాసన, ఇంకొకరికి ఆస్పత్రి.

మొదటి నాలుగు కిలోలు ఎలా తగ్గాయో కూడా చెప్తాను, వాడు అదే చూసి నమ్మాడు కాబట్టి. గ్లైకోజెన్ గ్రాముకి మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. ఆ డబ్బా ఖాళీ అయితే దాంతో పాటు నీళ్లూ పోతాయి, రెండు కిలోలు అక్కడే పోయాయి. మిగిలిన దాంట్లో కొంత కొవ్వు, కొంత ఖాళీ పేగులు. తర్వాత ముల్లు ఆగడం గురించి: వాడు చెప్పే తిండి తొమ్మిది వందల కేలరీలు దాటదు, రెండు గంటలు జిమ్ చేసే ఆ వయసు వాడికి కావాల్సిన దాంట్లో అది సగం కూడా కాదు. అంత తక్కువ తింటే ఒంట్లో నీరు నిలిచి ముల్లు కొన్నాళ్లు మోసం చేయొచ్చు, మిగతా టైమంతా మంచం మీద వాలిపోయి కదలిక తగ్గొచ్చు. ఇంకో సంగతి, తల్లిగా మీకు తెలియనిది కాదు, సాయంత్రం స్నేహితులతో బయటికెళ్తాడు కదా, అక్కడ ఏం తింటున్నాడో వాడి ఫోన్‌లో లెక్కలోకి రాకపోవచ్చు. నిలదీయకండి.

ఇక మీరేం చేయొచ్చో చూద్దాం. ఏది చేసినా దేనికుండే ఫలితం దానికుంటుంది, ఎంచుకోవాల్సింది మీ ఇల్లు తెలిసిన మీరు.

వదిలేయొచ్చు. నాలుగు నెలలు ఇలాగే చేస్తే చచ్చిపోడు. కానీ నీరసం, చిరాకు, మలబద్ధకం పెరుగుతాయి, ఎక్కువమంది రెండు మూడు నెలలకే విసిగిపోయి ఒక్క రాత్రి బిర్యానీతో మొదలుపెట్టి తగ్గిందంతా మళ్లీ పెంచేసుకుంటారు. వట్టి కొవ్వులేని మాంసం మీద బతకబోయి విరేచనాలు, వికారం, ఎంత తిన్నా తీరని ఆకలి తెచ్చుకున్న సంగతి ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో తిరిగిన యాత్రికులకి బాగా తెలుసు, చలికాలపు కుందేళ్లు తిని అలా అయ్యేదని దానికి కుందేలు ఆకలి అని పేరే పెట్టారు. లివర్ యూరియా చేయగల వేగానికి ఒక హద్దుంది. మీ వాడు ఆ హద్దు దాకా వెళ్లలేదు, కానీ నడుస్తున్న దారి అదే. వాంతులు, కళ్లు తిరిగి పడటం, మూత్రం కాఫీ రంగులో రావడం, ఇవి కనబడితే మాత్రం వదిలేసే ప్రశ్న లేదు, ఆ రోజే డాక్టర్. కాఫీ రంగు మూత్రం అంటే కండ బాగా దెబ్బతిన్నట్టు కావొచ్చు.

గట్టిగా ఆపేయొచ్చు. డబ్బా దాచేసి, చికెన్ తేవడం మానేసి. మీకు ఆ అధికారం ఉంది, ఇల్లు మీది. కానీ నాలుగు నెలల్లో హైదరాబాద్‌లో రూమ్ తీసుకుంటాడు, అక్కడ మీరు ఉండరు, ఇంకాస్త కసిగా మొదలుపెడతాడు, ఏదన్నా తేడా వస్తే మీకు చెప్పడు. ఇప్పుడు కనీసం రిపోర్టు మీకు చూపిస్తున్నాడు. దాన్ని పోగొట్టుకోవద్దని నా ఉద్దేశం.

వాడికి నిజంగా అన్నం లేకుండానే చేయాలనుంటే సరైన పద్ధతిలో చేయమనొచ్చు. అంటే ప్రోటీన్ 120కి దించి, పచ్చసొనలు, వేరుశనగలు, నెయ్యి, కొబ్బరి, ఆకుకూరలు, కూరగాయలు చేర్చి, ఉప్పు, నీళ్లు రెండూ సరిగ్గా తీసుకుంటూ. కొందరికి పడుతుంది, బరువూ తగ్గుతారు. కానీ మొదటి రెండు మూడు వారాలు తలనొప్పి, ఎత్తే బరువులు తగ్గడం ఉంటుంది, పెళ్లిళ్లకీ పేరంటాలకీ ప్రతిచోటా నేను తినను అని చెప్పుకోవాలి, మీరు రెండు వంటలు చేయాలి. ఆ రెండో వంట వాణ్ణే చేసుకోమనండి. సగం ఉత్సాహం అక్కడే తగ్గుతుంది.

నేనైతే దేనివైపు మొగ్గుతానో కూడా చెప్తాను. అన్నం తిరిగి రానివ్వడం, జిమ్ చుట్టూ. జిమ్‌కి గంటన్నర ముందో, వచ్చాకో రెండు కప్పుల అన్నం, పప్పుతో. ఉడికిన కప్పు అన్నం అంటే రెండొందల కేలరీలు, దానికే పొట్ట రాదు. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ, రెండూ ఒక ముద్దలో కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది, ముద్దపప్పు అన్నం కనిపెట్టినవాళ్లకి అమైనో ఆమ్లాల పేర్లు తెలియకపోయినా. నాలుగు గుడ్లు పచ్చసొనతో సహా ఉడకబెట్టి, అవి 25 గ్రాములు. చికెన్ 200 గ్రాములు, 45. పప్పు రెండు కప్పులు, 15. పాలు, పెరుగు కలిపి ఇంకో 15. అన్నంలో పది. పౌడర్ లేకుండానే 110 వచ్చింది. ఒక స్కూపు వేసుకుంటానంటే వేసుకోనివ్వండి, విషమేం కాదు, మీరు పాలు విరిగితే వడగట్టి పారబోసే ఆ నీళ్లలోదే ఎండబెట్టి డబ్బాలో పోశారు. అయితే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వాడొద్దనే చెప్పింది, మామూలు మనిషికి రోజుకి కిలోకి 0.83 గ్రాములు చాలన్నది వాళ్ల లెక్క. కొవ్వు మెల్లగా, నెలకి రెండు కిలోలు చొప్పున తగ్గుతుంది. మొదటి వారం అన్నం తినగానే కిలో, కిలోన్నర పెరుగుతాడు, డబ్బా నిండి నీళ్లు వెనక్కొస్తాయి కాబట్టి. అది ముందే చెప్పి ఉంచండి, లేకపోతే చూశావా అమ్మా అంటూ ముల్లు చూపించి మళ్లీ మానేస్తాడు.

పచ్చి తెల్లసొనలు మాత్రం ఏ దారి ఎంచుకున్నా ఆపించండి, అందులో నాకు రెండో మాట లేదు. సాల్మొనెల్లా అనే క్రిమి భయం ఒకటి. రెండోది, పచ్చి తెల్లసొనలో అవిడిన్ అని ఒకటుంటుంది, బయోటిన్ విటమిన్‌ని పట్టేసుకుంటుంది, ఉడికిస్తే ఆ గుణం పోతుంది. మూడోది వాడికి బాగా గుచ్చుకునేది: ఉడికిన గుడ్డు ప్రోటీన్ తొంభై శాతం దాకా ఒంటికి అందితే పచ్చిది దాదాపు సగమే అందుతుంది. నాలుగు గుడ్లు షేకర్‌లో కొట్టి తాగితే రెండు గుడ్లు తిన్నట్టు.

ఆ గిన్నెలో పది పచ్చసొనల సంగతి కూడా లెక్కేశాను. ఒక్కోదాంట్లో రెండున్నర గ్రాముల పైనే ప్రోటీన్ ఉంటుంది, పదింటికి 27. అంటే రోజూ ఒక స్కూపు కన్నా ఎక్కువ ప్రోటీన్, దాంతోపాటు గుడ్డులోని ఏ, డీ విటమిన్లు మొత్తం, మీ వీధి కుక్క తింటోంది. అది ఈపాటికి నున్నగా మెరుస్తుండాలి. మీ అబ్బాయికి ఆ కుక్కని చూపించండి.

వాడితో మాట్లాడేటప్పుడు పాఠమంతా ఒకేసారి చెప్పకండి. అంకెలతో మాట్లాడితే వింటాడని ఉత్తరాన్నిబట్టి అర్థమైంది, ఫోన్‌లో గ్రాములు రాసుకునే పిల్లాడు కదా. 175 ఎందుకు, 125 దాటాక అది ఎక్కడికి పోతోంది, ఈ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి, వాడే వెతుక్కుంటాడు. మీ అత్తగారి చేత లక్ష్మి మాట కొన్నాళ్లు ఆపించగలిగితే ఇంకా మంచిది. తండ్రి విషయం మాత్రం మీరు కాకుండా డాక్టర్ గారి చేతే వాడికి చెప్పించండి, రేపు వాణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి. నాన్నకి మంచి చేద్దామనే చేశాడు, నువ్వే చంపబోయావు అన్నట్టు ఇంట్లో ఎవరూ అనకూడదు.

మళ్లీ పరీక్ష చేయించేటప్పుడు వారం ముందు నుంచి జిమ్ వద్దు, ముందురోజు రాత్రి మాంసం వద్దు, నీళ్లు బాగా తాగాలి. అంతకన్నా ముందు ఆ డబ్బా పని చూడండి. పాలపొడి కలిపానని ఈ రాత్రే చెప్పేయండి. వాడు రెండు స్కూపులకి 48 అని రాసుకుంటున్నాడు, అందులో సగం పాలపొడి, దాని ప్రోటీన్ తక్కువ, చక్కెర ఎక్కువ. తిడతాడు, తిట్టనివ్వండి. నేను పైన వేసిన 175 లెక్కలో కూడా మీ పాలపొడి కలవలేదు.